పిల్లలకు వారానికో పరీక్ష, పెద్దలది పరీక్షకు ఎగనామం

జేఈఈ ఫలితాలు వస్తే చాలు, నెల్లూరు ట్రంకు రోడ్డులో, ఒంగోలు కర్నూలు రోడ్డులో అవే ఫ్లెక్సీలు. వరసగా పాస్‌పోర్టు ఫొటోలు, కింద ముఖం కన్నా పెద్ద సైజులో ర్యాంకు. ఒక్క పిల్లాడి ముఖంలోనూ నవ్వుండదు.

వాళ్లు తెలివైనవాళ్లే, కాదనం. 2024 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మన ఆరుగురి జట్టుకు నాలుగు బంగారు పతకాలు, నాలుగో స్థానం దక్కిన మాటా నిజమే. కానీ ఆరుగురిని చూపించి దేశమంతా ప్రతిభ పొంగిపోతోందంటే ఎలా?

పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షలో 2022లో సింగపూర్ లెక్కల్లో మొదటి స్థానం కొట్టింది. అక్కడ నూటికి 41 మంది పై స్థాయికి చేరారు. ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ కూటమి సగటు 9. మరి మన సంగతి? మనం రాస్తే కదా! 2009 పీసాలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాశాయి. 74 ప్రాంతాల్లో చివరి నుంచి మూడు, రెండు స్థానాలు వచ్చాయి. ప్రశ్నలు మన సంస్కృతికి తగ్గట్టు లేవని ఢిల్లీ అలిగింది. తర్వాత చండీగఢ్‌నూ, కేంద్రీయ, నవోదయ విద్యాలయాలనూ పంపుతామన్నారు. అదీ లేదు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గిన పిల్లాడు 'పేపరు నాకు తగ్గట్టు లేదు సార్' అంటే ఊరుకుంటామా? సెక్షన్ మార్చేసి, ఇంటికి ఫోన్ చేస్తాం.

జపాన్, కొరియా పిల్లలు లెక్కలు, సైన్సుల్లో దేశదేశాల పిల్లలను పోల్చే టిమ్స్ పరీక్షలో ముందు వరసలో ఉంటారు. లెక్కలంటే ఇష్టమేనా అని అడిగితే మాత్రం వెనక్కి పోతారు. ఆ లోటును ఆ దేశాలు దాచుకోవడం లేదు. సింగపూర్ 1984 నుంచి చురుకైనవాళ్లను మూడో తరగతిలోనే ఏరి కొన్ని బడుల్లో పెట్టేది. ఆ పద్ధతి మార్చి, ఇకపై ఏ బడిలో పిల్లలను ఆ బడిలోనే చూసుకుంటామని 2024లో ప్రకటించింది. ఇక్కడేమో ఆరో తరగతికే ఫౌండేషన్ బ్యాచ్, ఇంటర్‌కు సూపర్ సెక్షన్. తెల్లారకముందే స్టడీ అవర్‌లో కూర్చోబెట్టిన పిల్లను 'నీకిది ఇష్టమేనా అమ్మా' అని అడిగే గడి ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ లేదు.

ఉదయగిరి మెట్టలో జడ్పీ హైస్కూలు పిల్లకైతే ఆ సెక్షనూ లేదు. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష గట్టెక్కితే ఏడాదికి 12,000 రూపాయలు, అంతే. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. పిల్లలను పరీక్షలతో చంపే పెద్దలు ప్రతిభను వెతికే పరీక్షనే ఆపేశారు, తమను కొలిచే పరీక్షకు మొహం చాటేశారు.

2029లో మళ్లీ పీసా ఉంది. ఢిల్లీ పెద్దలు హాల్‌టికెట్ తీసుకుంటారా, ఈసారీ కడుపునొప్పని లీవ్ లెటర్ రాస్తారా?