కార్బన్ ర్యాప్ చుట్టేస్తే పిల్లర్ తుప్పు ఆగిపోతుందా?

వానలు తగ్గిన దగ్గర్నుంచి వైజాగ్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పెదవాల్తేరులో మా అసోసియేషన్ గ్రూపుకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "పిల్లర్లు పెచ్చులూడుతున్నాయా? ఏమీ కొట్టక్కర్లేదు, పైనుంచే కార్బన్ ఫైబర్ షీటు చుట్టించండి. ఉక్కుకన్నా పది రెట్లు బలం. ఉప్పుగాలి సోకదు, తుప్పు ఆగిపోతుంది. నిప్పుకీ ఏమీ కాదు. గ్లాస్ ఫైబర్ అయితే ఇంకా చవక, పనితనం అంతే. 50 ఏళ్లు చూసుకోనక్కర్లేదు. పైన ఇంకో ఫ్లోరు కూడా వేసుకోవచ్చు."

పాతికేళ్లు సైట్లలో తిరిగినవాణ్ణి. ఈ పద్ధతి మంచిదే. 1995 కోబె భూకంపం తర్వాత జపాన్‌లో వంతెన స్తంభాలకు ఇలా చాలా చోట్ల చుట్టారు. నా గొడవంతా మెసేజ్‌తోనే. (ఇలా చుట్టే షీటునే ర్యాప్ అంటాను.)

ముందు ఆ "పది రెట్లు" సంగతి. కార్బన్ పోగు లాగుడు బలం 3,500 మెగాపాస్కల్ పైమాటే. 500 మెగాపాస్కల్ బలముండే 500 గ్రేడు రాడ్డుతో పోలిస్తే ఏడు రెట్లు. కానీ చదరపు మీటరుకు 200 గ్రాములుండే షీటులో పోగుల మందం సుమారు 0.11 మిల్లీమీటరు. పైగా అది బరువు మోయదు. బరువు పడితే కాంక్రీటు పక్కలకు ఉబ్బబోతుంది. బండి చక్రానికి పట్టా బిగించినట్టు ర్యాప్ ఆ ఉబ్బును పట్టి ఉంచుతుంది, అంతే. చక్రం గుండ్రం కాబట్టి పట్టా చుట్టూ సమానంగా నొక్కుతుంది. మన పిల్లర్లేమో గోడలో కలిసిపోవాలని 9 అంగుళాల వెడల్పుతో పోసినవి. వీటికి నొక్కుడు మూలల దగ్గరే ఎక్కువ. ఆ మూలల్ని కనీసం 13 మిల్లీమీటర్ల రేడియస్‌తో గుండ్రం చేయకపోతే పోగులు అక్కడే తెగుతాయి. పెద్ద పక్క కొలత చిన్న పక్కకి రెండింతలు దాటిన పిల్లర్లలో, పరీక్ష చేసి చూపిస్తే తప్ప, ర్యాప్ వల్ల వచ్చే బలాన్ని లెక్కలోకి తీసుకోవద్దని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకం, ఏసీఐ 440.2ఆర్, చెబుతుంది. 9×18 అంగుళాల పిల్లరు సరిగ్గా అంచున ఉంది. 9×24 అంచు దాటేసింది.

తుప్పు మాటే అన్నిటికన్నా ప్రమాదం. కార్బన్‌కి తుప్పు పట్టదు, నిజం. తుప్పు పట్టేది లోపలి చువ్వకి. సముద్రపు గాలిలోని ఉప్పు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి చువ్వ దాకా చేరాక, కాంక్రీటులోని క్షారం దానికిచ్చిన రక్షణ పొర విరిగిపోతుంది. ఇప్పుడు పైన ర్యాప్ చుడితే ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? లోపలే ఉంటుంది. కొత్త తేమ, గాలి చొరబడటం తగ్గుతుంది కాబట్టి తుప్పు నెమ్మదించవచ్చు. కానీ ఆగదు. పిల్లర్ అడుగున నేల నుంచి చెమ్మ ఎగబాకుతుంది, పైన బీమ్ దగ్గర ర్యాప్ ఉండదు. తుప్పు ఉక్కుకన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడి ర్యాప్ మీదే పడుతుంది. ఇదివరకు గోధుమరంగు మరక, బీట, ఊడిన పెచ్చు కబురు చెప్పేవి. ర్యాప్ వేశాక ఆ కబురు కూడా రాదు.

మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 సముద్రతీరపు గాలికి చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు మందం, అడుగుతుంది. బీచ్ రోడ్డు వెనక వీధుల్లో 20 కూడా లేని పిల్లర్లు నేనే కొట్టించి చూశాను. అలాంటివాటికి ఉప్పు పట్టిన కాంక్రీటు చువ్వ వెనక దాకా చెక్కి తీసేసి, చువ్వ శుభ్రం చేసి, అరిగిన చోట కొత్త రాడ్డు కలిపి, రిపేర్ మోర్టార్ నింపాకే ర్యాప్. ఇంకో మాట: కార్బన్ నేరుగా చువ్వకి తగిలితే ఆ చువ్వ ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

మన ఉక్కపోత సంగతి మెసేజ్ రాసినవారికి తట్టినట్టు లేదు. షీటుని అతికించే జిగురు, ఎపాక్సీ, పూసే పిల్లర్ పొడిగా ఉండాలి, గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రతకన్నా కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. నాకు తెలిసిన ఒక బిల్డింగ్ సెల్లార్‌లో వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పని మొదలెట్టారు. కాంట్రాక్టర్‌కి తొందర, సెక్రటరీకి అంతకన్నా తొందర. నాలుగు నెలల తర్వాత రూపాయి బిళ్లతో తట్టి చూస్తే సగం చోట్ల డొల్ల చప్పుడు, అంటే ర్యాప్ అతుక్కోలేదన్నమాట.

నిప్పు? మామూలు గాలిలో గట్టిపడే ఎపాక్సీ 60 నుంచి 82 డిగ్రీల మధ్యే మెత్తబడుతుంది. స్టిల్ట్ పార్కింగ్‌లో ఒక స్కూటర్ అంటుకుంటే చాలు. అందుకే ఇంజనీరు లెక్క వేసేటప్పుడు ర్యాప్ లేదనుకున్నా బిల్డింగ్ కూలకుండా నిలబడేలా చూస్తాడు. ర్యాప్ లేకుండా నిలబడలేనంతగా పిల్లర్ అప్పటికే చితికిపోయి ఉంటే ర్యాప్ దానికి మందు కాదు.

గ్లాస్, కార్బన్ ఒకటే అనడం పచ్చి అబద్ధం. అదే ఏసీఐ మార్గదర్శకం ఆరుబయట వాడే కార్బన్-ఎపాక్సీ బలాన్ని 0.85తో గుణించమంటుంది, గ్లాస్-ఎపాక్సీని 0.65తో. మరీ కఠినమైన వాతావరణంలో గ్లాస్‌కి 0.50. క్షారం, తేమ కలిస్తే గాజు పోగుని తినేస్తాయి. చవకన్నది నిజమే, కానీ లెక్క సరిగ్గా కడితే పొరలు ఎక్కువ పడతాయి.

ఇక 50 ఏళ్లు చూసుకోనక్కర్లేదట! ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పొడిపొడి అవుతుంది. దానిపైన పూసే రంగు చెదిరితే మళ్లీ వేయించుకోవాలి. ఏడాదికోసారి తట్టి చూడాలి.

ఇంకో ఫ్లోరు గురించి ఒక్కటే ప్రశ్న: పునాదికి ఏం చుడతారు?

మా సెక్రటరీ గారికి చెప్పింది ఇంతే. కొటేషన్ తర్వాత అడగండి సార్. ముందు బాగా పెచ్చులూడిన రెండు పిల్లర్ల నుంచి, బాగున్నట్టు కనిపించే ఒక పిల్లర్ నుంచి కాంక్రీటు పొడి తీయించి చువ్వ లోతు దాకా ఉప్పు ఎంత చేరిందో చెప్పే క్లోరైడ్ టెస్ట్ చేయించండి. ఆదివారం మీటింగ్‌కి ఆ రిపోర్టు తెస్తానన్నారు.