తెగేదాకా లాగొద్దు

ఈ జనవరిలో మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో 40 రోజుల ధ్యానం ఛాలెంజ్ పెట్టారు. ఎవరెన్ని నిమిషాలు కూర్చున్నారో రోజూ రాత్రి లిస్టు వచ్చేది. నేనూ చేరాను. పదో రోజుకల్లా దవడలు నొప్పి పెట్టాయి. ఆలోచన రాకుండా పళ్లు బిగించి కాపలా కాస్తున్నానని అప్పుడు తెలిసింది. మూడో వారానికి సగం మంది ‘ఇది మనవల్ల కాదులే’ అని మానేశారు.

ఆ మాటే నన్ను బాధపెట్టింది. వాళ్లకు చేతకాక కాదు. ర్యాంకు కోసం, తర్వాత వీసా కోసం, ఆ తర్వాత ప్రమోషన్ కోసం పరుగెత్తిన మనకు బిగించడమే అలవాటైంది. సడలించడం కూడా సాధనేనని మరిచిపోయాం.

బౌద్ధ గ్రంథాల్లో సోణుడి కథ ఉంది. కలిగినింట్లో సుకుమారంగా పెరిగి భిక్షువైనవాడు. రాజగృహ నగరం దగ్గర నడుస్తూ ధ్యానం చేసి చేసి అరికాళ్లు పగిలి నెత్తురు కారింది. అయినా ఫలితం కనిపించక, ఇంటికి పోదామా అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి అడిగింది ఒకటే: నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికేదా? మరీ వదిలేస్తే? అంతేకాదు, ఆ కాళ్లకు చెప్పులు వేసుకోమన్నాడు. అందరికీ అనుమతిస్తేనే వేసుకుంటానన్నాడు సోణుడు. సరేనని బుద్ధుడు భిక్షువులందరికీ అనుమతిచ్చాడు. ఆ చెప్పుల ముచ్చట నాకు చాలా ఇష్టం.

మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. చలికాలం హీటర్ వేడికి గాలి పొడిబారి, తీగలు బిగించే బిరడాలు జారుతుంటాయి. మొన్న తనే శ్రుతి చేస్తానని బిరడా గట్టిగా తిప్పింది. సారణి తీగ ఫట్‌మని తెగింది. టీచరుగారు కొత్త తీగ కట్టి, మీటుతూ, చెవి ఒగ్గి, కొంచెం కొంచెంగా బిగించారు. శ్రుతి కలిసిన చోట చెయ్యి ఆపేశారు. కాసేపటికి మళ్లీ జారింది. విసుక్కోకుండా మళ్లీ సరిచేశారు.

ఇప్పుడు నేను పది నిమిషాలే కూర్చుంటున్నాను. ముందు దవడ, భుజాలు, పొట్ట వదులు చేస్తాను. నడుము మాత్రం నిటారుగా ఉంచుతాను. మనసు ఆఫీసు ఈమెయిల్ మీదికి పోతుంది. పోయిందని తెలిసిన క్షణమే ఎరుక. అక్కడ నన్ను నేను తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి వస్తాను. కునుకు వస్తే కళ్లు తెరిచి నడుము సర్దుకుంటాను. పట్టుదల ఎక్కువై టెన్షన్ వస్తే, ఊపిరి వదిలేటప్పుడు ఒళ్లంతా మెత్తబడనిస్తాను.

‘సడలిస్తే బద్ధకం రాదూ?’ అని గ్రూపులో ఒక అన్నయ్య అడిగారు. వస్తుంది. సోణుడికి బుద్ధుడు ఆ మాటా చెప్పాడు: ప్రయత్నం మితిమీరితే అలజడి, తగ్గితే సోమరితనం. యోగసూత్రాల్లో పతంజలి కూడా ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని చెప్పి, వెంటనే తర్వాతి సూత్రంలో ‘ప్రయత్న శైథిల్యం’ అన్నాడు. స్థిరత్వాన్ని వదలమనలేదు, దానికోసం పడే పెనుగులాటను వదలమన్నాడు.

ఉగాదికి మళ్లీ ఛాలెంజ్ పెడతారట. తప్పకుండా పెట్టండి, నేనూ వస్తాను. నిమిషాల లిస్టు మాత్రం వద్దని నా మనవి. దాని బదులు రాత్రి అందరినీ ఒక్క మాట అడగండి: ఇవాళ బిగువు ఎక్కువైందా, వదులు ఎక్కువైందా?