ప్యాట్రీషియా మీద గొడవలో అసలు అడగాల్సిన ప్రశ్న వేరే

2025 ఫిబ్రవరిలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్‌ని, అంటే ప్రత్యర్థిని ఆపే సగాన్ని, మ్యాట్ ప్యాట్రీషియా అనే కోచ్ చేతిలో పెట్టింది. జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి జాతీయ చాంపియన్ అయిన జట్టు అది. యూనివర్సిటీ ఉన్న కొలంబస్‌లో సంబరాలు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. అంతలో ఈ కబురు రాగానే సగం మంది ఫ్యాన్స్ తల పట్టుకున్నారు. డెట్రాయిట్‌లో జట్టుని ముంచినవాడు మనకెందుకని కొందరు, మూడు సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) విజేత ఉంగరాలున్న మనిషిని కాదంటారా అని మరికొందరు. రెండు పక్షాల దగ్గరా అంకెలున్నాయి. నాకు మాత్రం రెండు పక్షాలూ చూడాల్సిన చోట చూడలేదనిపిస్తుంది.

ముందు ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో చెప్పుకోవాలి. జిమ్ నోల్స్ 2022 నుంచి మూడు సీజన్లు ఆ డిఫెన్స్ నడిపాడు. మొదటి ఏడాది చివర్లో మిషిగన్ జట్టు కొలంబస్‌కే వచ్చి 45-23తో కొట్టిపోయింది. ఆ మ్యాచ్‌లో 69 గజాలు, 75 గజాలు, 85 గజాలు ఇలా ఒక్కో దెబ్బకే మైదానం సగానికి పైగా దాటిన టచ్‌డౌన్లు (బంతిని గోల్ గీత దాటించే స్కోర్లు) పడ్డాయి. 2024 అక్టోబర్‌లో ఆరెగన్ చేతిలో 32-31తో ఓడినప్పుడు నోల్స్‌ని పంపించేయాలన్నవాళ్లకు లెక్కే లేదు. అదే మనిషి ఆ తర్వాత కొన్ని వారాల్లో డిఫెన్స్‌ని సరిదిద్దాడు. అదే ఆరెగన్‌ని జాతీయ ప్లేఆఫ్‌లోని రోజ్ బౌల్ మ్యాచ్‌లో 41-21తో జట్టు చిత్తు చేసింది. సీజన్ ముగిసేసరికి సగటున మ్యాచ్‌కి 12.9 పాయింట్లే ఇచ్చి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కప్పు గెలిచిన వెంటనే పెన్ స్టేట్ యూనివర్సిటీ ఏడాదికి సగటున 31 లక్షల డాలర్లు ఇస్తామంటే నోల్స్ వెళ్లిపోయాడు. అక్టోబర్‌లో వద్దన్న మనిషి జనవరిలో వెళ్లిపోతుంటే అదే ఫ్యాన్స్ గుండె బరువెక్కింది. ఇందులో వాళ్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు. జట్టు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు వారం వారం మారతారు. నియామకాన్ని తూచే పద్ధతి కూడా వారం వారం మారితేనే ఇబ్బంది.

ఇక ప్యాట్రీషియా. చదివింది రెన్సిలియర్ పాలిటెక్నిక్‌లో ఏరోనాటికల్ ఇంజినీరింగ్. గుబురు గడ్డం, చెవి మీద పెన్సిల్, చూడగానే గుర్తుపట్టే మనిషి. 2004లో ఎన్ఎఫ్ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో చేరాడు, 2012 నుంచి 2017 వరకు డిఫెన్స్ మొత్తాన్ని నడిపే డిఫెన్సివ్ కోఆర్డినేటర్. 2015 ఫిబ్రవరి 1న సియాటిల్ జట్టు గోల్ గీతకి ఒక్క గజం దూరంలో ఉన్నప్పుడు మాల్కమ్ బట్లర్ పాస్ లాక్కున్న ఆ క్షణం ఇతని డిఫెన్స్‌దే. మూడేళ్ల తర్వాత సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియాకి 41 పాయింట్లు ఇచ్చుకున్నదీ ఇతని డిఫెన్సే.

అక్కడి నుంచి డెట్రాయిట్ లయన్స్ హెడ్ కోచ్‌గా వెళ్లాడు. 13 గెలుపులు, 29 ఓటములు, ఒక టై. 2020 నవంబర్‌లో తీసేశారు. తిరిగి పేట్రియట్స్‌కి వస్తే 2022లో అఫెన్స్ (బంతితో దాడి చేసే సగం) ప్లేలు పిలిచే, అంటే ఏ ఎత్తు వేయాలో చెప్పే పని అప్పగించారు. జీవితమంతా డిఫెన్స్ చూసుకున్నవాడికి ఆ పని! మ్యాక్ జోన్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) ఆ ఏడాది ఎంత వెనకబడ్డాడో అందరూ చూశారు. 2023లో ఫిలడెల్ఫియా ఈగల్స్ సీజన్ మధ్యలో డిఫెన్స్ పగ్గాలు ఇతనికిచ్చింది. ప్లేఆఫ్‌తో కలిపి ఐదు మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటే. 2024లో ఏ జట్టుతోనూ లేడు.

ఈ చరిత్ర చదివితే భయం వేయడం సహజం. కానీ ఇందులో పెద్ద మరకలు మూడూ ఎక్కడ పడ్డాయో చూడండి. ఒకటి జట్టు మొత్తాన్ని నడిపే పనిలో, ఒకటి అఫెన్స్‌లో, ఒకటి డిసెంబర్‌లో వేరొకరు కట్టిన డిఫెన్స్‌ని చేతికి తీసుకున్నప్పుడు. ఒహాయో స్టేట్ అతన్ని పిలిచింది ఈ మూడింటికీ కాదు. బౌలింగ్ కోచ్‌ని తీసుకునేటప్పుడు అతను కెప్టెన్‌గా ఎన్ని మ్యాచ్‌లు ఓడాడో లెక్కేసినట్టుంది ఆ వాదన. ఉంగరాల వాదన కూడా అంతకంటే గట్టిదేం కాదు. అప్పటి పేట్రియట్స్ హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ పక్కన నిలబడి గెలిచినదాంట్లో ఇతని వాటా ఎంతో ఆ ఉంగరం చెప్పదు.

ఫ్యాన్స్ వాదనల్లో నాకు నిజంగా బరువున్నదిగా తోచింది మరొకటి. ఎన్ఎఫ్ఎల్ ఆట వేరు, కాలేజీ ఆట వేరు. టీవీలో చూస్తే ఒకటే అనిపిస్తుంది కానీ మైదానం మీద గీతలే వేరుగా ఉంటాయి. ఎన్ఎఫ్ఎల్‌లో ప్రతి ప్లే మొదట్లో బంతి పెట్టే చోటుకి హద్దులైన రెండు హ్యాష్ గీతల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు, కాలేజీలో 40 అడుగులు. అంటే కాలేజీలో బంతి ఒక పక్కకి బాగా జరిగి మొదలవుతుంది, రెండో పక్క విశాలమైన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని కాపాడటానికి అందరికంటే వెనక కాపలా ఉండే సేఫ్టీ నిలబడే చోటు మారాలి. ఇంకొకటుంది. పాస్ వేసేముందు ముందు వరుసలో అడ్డుగా నిలిచే అఫెన్స్ లైన్‌మెన్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క గజమే ముందుకెళ్లొచ్చు, కాలేజీలో మూడు గజాలు. లైన్‌మన్ ముందుకొస్తున్నాడంటే పరుగే అనుకుని డిఫెన్స్ రెండో వరుసలోని లైన్‌బ్యాకర్ ఎగబడతాడు, క్వార్టర్‌బ్యాక్ అతని తల మీదుగా పాస్ విసిరేస్తాడు. 20 ఏళ్లు ఎన్ఎఫ్ఎల్‌లో గడిపినవాడు ఈ మోసాన్ని కాలేజీ మ్యాచ్‌లుండే ప్రతి శనివారం ఎదుర్కోవాలి.

సమయం సంగతి అన్నిటికంటే పెద్దది. ఎన్ఎఫ్ఎల్‌లో ఆటే ఉద్యోగం, పొద్దస్తమానం వీడియో గదిలో కూర్చోబెట్టొచ్చు. కాలేజీ కుర్రాడికి సీజన్‌లో వారానికి 20 గంటలే, మిగతా సమయం క్లాసులు, పరీక్షలు. పేట్రియట్స్‌లో తిప్పిన చిక్కు పథకాలన్నీ 19 ఏళ్ల కుర్రాడి నెత్తిన పెడితే అతను ఆలోచిస్తూ నిలబడిపోతాడు, అప్పటికి అవతలివాడు దాటిపోతాడు. పైగా చాంపియన్ డిఫెన్స్‌లో 11 మంది స్టార్టర్లలో 8 మంది వెళ్లిపోయారు. జాక్ సాయర్, జేటీ టుయ్‌మొలోవా, కోడీ సైమన్, డెంజెల్ బర్క్ అంతా ఎన్ఎఫ్ఎల్ దారి పట్టారు.

కాబట్టి అప్పుడు అడగాల్సింది "ఇతను ఏం గెలిచాడు" అని కాదు, "ఈ పిల్లల్ని ఎంత మార్చబోతున్నాడు, పక్కన ఎవరుంటారు" అని. దానికి జవాబు అప్పటికే కళ్లముందుంది. డిఫెన్సివ్ లైన్‌కి 2014 నుంచి ఉన్న లారీ జాన్సన్ అలాగే ఉన్నాడు. లైన్‌బ్యాకర్లకి జేమ్స్ లారినైటిస్, పాస్ అందుకునేవాళ్లని కాపలా కాసే కార్నర్లకి టిమ్ వాల్టన్, సేఫ్టీలకి మ్యాట్ గుయెరియెరి కదల్లేదు. కుర్రాళ్లతో రోజూ మాట్లాడేది, వాళ్ల ఇళ్లకి వెళ్లి తల్లిదండ్రుల్ని ఒప్పించేది వీళ్లే. హెడ్ కోచ్ రయన్ డే చేసిన అసలు తెలివైన పని ఇదేనని నా అభిప్రాయం. వ్యూహం వేసేవాడిని మార్చాడు, పాఠం చెప్పేవాళ్లని మార్చలేదు. ఈ నియామకం కొత్త కోచ్ తన మనుషులందర్నీ వెంటేసుకొచ్చే రకం అయ్యుంటే నేనూ భయపడేవాణ్ణే.

ఆగస్టు 30న లక్ష మంది పట్టే ఒహాయో స్టేడియంలో మొదటి పరీక్ష. ఎదురుగా సీజన్‌కి ముందు ర్యాంకింగ్‌లో మొదటి స్థానంలో ఉన్న టెక్సస్, దాని క్వార్టర్‌బ్యాక్‌గా దేశమంతా చెప్పుకుంటున్న ఆర్చ్ మ్యానింగ్. మూడో క్వార్టర్‌లో టెక్సస్ గోల్ గీతకి ఒక్క గజం దూరం దాకా వచ్చింది. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. మ్యానింగే బంతి పట్టుకుని మధ్యలోంచి దూరబోయాడు. ఆ గజం దొరకలేదు. ఆ రోజు టెక్సస్ నాలుగో డౌన్ ఐదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారే దక్కింది. స్కోరు 14-7. ఆ తర్వాత మిషిగన్‌ని వాళ్ల ఊళ్లోనే 27-9తో ఓడించడం దాకా 12కి 12 గెలుపులు, ఆ 12 మ్యాచ్‌ల్లో ఇచ్చింది మొత్తం 93 పాయింట్లు. నోల్స్ ఏడాది కంటే ఇది మెరుగు. ఆ నోల్స్ వెళ్లిన పెన్ స్టేట్ అదే అక్టోబర్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ గెలవని యూసీఎల్ఏకి 42 పాయింట్లు ఇచ్చి ఓడింది. ఆ నెలలోనే అక్కడి హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ ఉద్యోగం పోయింది.

అయినా ఘనతంతా ప్యాట్రీషియా ఖాతాలో వేయడం సరికాదు. సేఫ్టీగా కేలబ్ డౌన్స్ లాంటి ఆటగాడు ఉన్నప్పుడు ఏ కోచ్ తప్పైనా సగం కప్పడిపోతుంది. సేఫ్టీ నుంచి లైన్‌బ్యాకర్‌గా మారిన సోనీ స్టైల్స్, ఆ ఏడాదే పూర్తి స్టార్టర్ అయి దేశం దృష్టిలో పడ్డ ఆర్వెల్ రీస్, ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి అక్కడే తయారైనవాళ్లు. ప్యాట్రీషియా వాళ్లని సరైన చోట నిలబెట్టాడు, అడ్డుపడలేదు. అది చిన్న మాటేం కాదు.

చివర్లో కప్పు రాలేదు. ఒహాయో స్టేట్ ఆడే లీగ్ బిగ్ టెన్ ఫైనల్‌లో ఇండియానాని 13 పాయింట్లకే ఆపినా 13-10తో ఓటమి. డిసెంబర్ 31న జాతీయ ప్లేఆఫ్‌లో మయామి చేతిలో 24-14, అందులో ఏడు పాయింట్లు మన అఫెన్స్ విసిరిన పాస్‌ని వాళ్లు లాక్కుని 72 గజాలు పరిగెత్తి తెచ్చుకున్నవే. ఆ రెండు రాత్రుల కోపమంతా అఫెన్స్ మీదికి పోయింది, న్యాయమే.

కొలంబస్ శివార్లలో డబ్లిన్, పావెల్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి ఈ జట్టంటే ప్రాణం. వాళ్లతో కూర్చుని చూసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ప్యాట్రీషియాకి వేయాల్సిన అసలు మార్కులు 2025వి కావు. డౌన్స్, స్టైల్స్ వెళ్లిపోయాక ఆ చోట్లలో నిలబడే కుర్రాళ్లు నాలుగో డౌన్‌లో ఎటు కదులుతున్నారో, పరుగు అనుకుని ఎగబడి మోసపోతున్నారో లేదో చూడండి. లారీ జాన్సన్ లాంటి పెద్దాయన విశ్రాంతి తీసుకున్న రోజున ఆ స్థానంలోకి ఎవర్ని తెస్తారో గమనించండి. డెట్రాయిట్ లెక్కలు అప్పుడూ ఎవరో ఒకరు తీస్తారు, వాటిని పక్కన పెట్టేయండి.