బంతి గుర్తుకే మీ ఓటు

మా ఊళ్లో సర్పంచ్ పదవి పెద్దాయన ఇంటి సామాను. జనరల్ సీటైతే ఆయన, మహిళా రిజర్వేషన్ వస్తే వాళ్లావిడ. ఆవిడ సర్పంచ్‌గా ఉన్న అయిదేళ్లూ గ్రామసభలో మాట్లాడింది ఆయనే. సంతకాలు మాత్రం ఆవిడవే. అవీ ఆయనే పెట్టేవారని కొందరంటారు, నేను చూడలేదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక కూడా, మోరీ నిండితే జనం పోయింది ఆయన అరుగు దగ్గరికే.

అలాంటి మనిషి మీద 2025 డిసెంబర్‌లో మా చిన్నమ్మ కొడుకు నామినేషన్ వేశాడు. వాడు బోరు మోటార్లు బాగుచేస్తాడు. రూ.2 వేల డిపాజిట్ కూడా పాత రిపేరు బాకీలు వసూలు చేసి కట్టాడు.

"అన్నా, నువ్వు పట్నంల మార్కెటింగ్ చేస్తవు గదా, ప్రచారం నువ్వే చూసుకోవాలె" అన్నాడు. పొంగిపోయి వారం సెలవు పెట్టాను.

పంచాయతీ ఎన్నికల్లో గుర్తులు అభ్యర్థుల పేర్ల అక్షరక్రమంలో వస్తాయి. పెద్దాయన పేరు 'అ'తో మొదలు, ఉంగరం ఆయనకు పోయింది. తమ్ముడిది 'శ'. వాడి దాకా వచ్చేసరికి ఫుట్‌బాల్ మిగిలింది. బ్యాలెట్ పేపర్ మీద పేర్లుండవు, గుర్తులే. కాబట్టి గుర్తు జనం బుర్రలోకి ఎక్కించడమే అసలు పని.

ఇక్కడే నా తెలివి బయటపడింది. ముసలోళ్లకు ఫుట్‌బాల్ అంటే ఏం తెలుస్తుంది? 'బంతి' అంటే చిన్నపిల్లలకూ తెలుసు. వెంటనే ఆటో మైకుకు రికార్డింగ్ చేయించాను: "బంతి గుర్తుకే మీ ఓటు!" మూడు రోజులు ఊరంతా అదే మోత. చలికాలం, బంతిపూలు చవక. ఫొటోల్లో నిండుగా కనపడతాడని తమ్ముడి మెడలో రోజూ మోకాళ్ల దాకా దండ వేయించాను. వాడికి తుమ్ములు వచ్చినా తీయనివ్వలేదు.

పోలింగ్ రోజు ఒంటిగంటకు కాస్త ముందు, మా వాడకట్టు పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ బూత్ నుంచి వచ్చింది.

"నీ తమ్మునికే వేద్దామని పోయిన బిడ్డా. గులాబీ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసిన. బంతిపువ్వు ఏడ లేదు!"

నాకు కాళ్లు ఆడలేదు. "పువ్వు కాదు పెద్దమ్మా, బంతి! గుండ్రంగా, నల్లమచ్చలతో..."

"గదా? గది పిలగాండ్లు తన్నుకునేది గద."

"మరి ఎవరికేశావ్?"

"ఇగ ఏంజేస్త, ఉంగరం కనవడ్డది, గుద్దిన. అలవాటైన గుర్తాయె." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మనోళ్లందరికి గూడ చెప్పిన, పువ్వు లేదు, ఎతికి పరేషాన్ గాకుండ్రి అని."

రెండింటికి లెక్కింపు మొదలైంది. తమ్ముడు తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. మైకు ఆటోవాడికి డబ్బులు లెక్కబెట్టి ఇచ్చి, మూలనున్న మోటారు విప్పుకుని కూర్చున్నాడు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

సాయంత్రం డప్పులతో ఊరేగింపు మా గల్లీలోకి వచ్చింది. పెద్దాయన బండి దిగారు. గుమ్మంలో నిలబడ్డ నా దగ్గరికి నేరుగా నడిచి వచ్చి, తన మెడలోని బంతిపూల దండ తీసి నా మెడలో వేశారు.

"వచ్చేసారి గూడ సెలవు పెట్టి రా బిడ్డా" అన్నారు.