టైటానియం డయాక్సైడ్ పొడి కలిపితే స్పిరిట్ నీళ్ళు మంచినీళ్ళు అయిపోవు

"ఒక స్పూను టైటానియం డయాక్సైడ్ పొడి నీళ్ళలో కలిపి ఎండలో పెట్టండి, అందులో ఉన్న స్పిరిట్, మిథనాల్ అంతా కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు అయిపోతాయి, ఎండ లేకపోతే లైటు కింద పెట్టినా చాలు, పెయింట్ షాపులో దొరికే తెల్ల పొడైనా ఒకటే, వడకట్టి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, దాని కింద నీలం నీళ్ళు తేటగా అయిపోయే వీడియో ఒకటి. ఇందులో కొంచెం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు, ఆ కొంచెం ఎంతో చెప్పి మిగతాది ఎందుకు తప్పో చెప్తాను.

నిజం ఏంటంటే, సరైన వెలుతురు పడితే ఈ పొడిలో ఎలక్ట్రాన్ ఒకటి పై స్థాయికి లేచి కింద ఖాళీ వదుల్తుంది, దాన్నే హోల్ అంటారు. ఆ హోల్ ఆల్కహాల్ (స్పిరిట్, మిథనాల్ రెండూ ఆల్కహాల్ రకాలే) నుంచి నేరుగా ఎలక్ట్రాన్ లాగేస్తుంది, లేదా నీళ్ళతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన ముక్కని పుట్టిస్తే అది ఆల్కహాల్ మీద పడుతుంది. జపాన్‌లో ఫుజిషిమా, హోండా 1972లో టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద వెలుతురు వేసి నీళ్ళని విడగొట్టి చూపించిన దగ్గర్నుంచి దీని మీద బోలెడు పని జరిగింది.

ఇక "అంతా కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది" అన్న మాట. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మిథనాల్ ఒక్క దెబ్బకి మాయమవ్వదు, ముందు ఫార్మాల్డిహైడ్ అవుతుంది, తర్వాత ఫార్మిక్ ఆసిడ్, ఆ తర్వాతే కార్బన్ డయాక్సైడ్. కల్తీ సారా తాగినోళ్ళకి చూపు పోయేది ఎందుకంటే లివర్ కూడా మిథనాల్‌ని ఇదే వరసలో మారుస్తుంది, ఆ ఫార్మిక్ ఆసిడే కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. హాస్పిటల్లో ఫోమెపిజోల్ అనే మందు గానీ ఇథనాల్ గానీ ఇచ్చేది ఆ మొదటి మెట్టుని ఆపడానికే, అంటే డాక్టర్లు ఆపాలని చూసే పనిని మీరు సీసాలో మొదలుపెట్టి సగంలో తీసి తాగుతున్నారన్నమాట. మామూలు స్పిరిట్, అదే ఇథనాల్ అయితే ముందు ఎసిటాల్డిహైడ్ అవుతుంది, తర్వాత ఎసిటిక్ ఆసిడ్, అదీ మెట్లు మెట్లుగానే.

పోనీ చివరిదాకా ఉంచుదాం అంటారా, దానికి ఆక్సిజన్ కావాలి, లేచిన ఎలక్ట్రాన్‌ని తీసుకునేది అదే. లెక్క చూడండి, 32 గ్రాముల మిథనాల్ పూర్తిగా కాలాలంటే 48 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. లీటరు నీళ్ళలో కరిగి ఉండేది మహా అయితే 8 మిల్లీగ్రాములు, అది 5 మిల్లీగ్రాముల మిథనాల్‌కి సరిపోతుంది, ఒక్క చుక్క మిథనాలే సుమారు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. నిండుగా పోసి మూత బిగించిన బాటిల్లో ఆ ఒక్క చుక్క కూడా పూర్తిగా పోదు, గాలి పంపిస్తూ కలుపుతూ ఉండాలి. దానికితోడు లేచిన ఎలక్ట్రాన్లలో చాలావరకు ఏ పనీ చెయ్యకుండానే తిరిగి హోల్‌లో పడిపోతాయి.

"లైటు చాలు" అంటే ఏ లైటు? టైటానియం డయాక్సైడ్‌లో అనటేస్, రూటైల్ అని రెండు ముఖ్యమైన స్ఫటిక రకాలున్నాయి, అనటేస్ రకానికి 387 నానోమీటర్ల లోపు వెలుతురు కావాలి, అంటే యూవీ. ఇంట్లో తెల్ల ఎల్ఈడీ బల్బులో అది దాదాపు ఉండదు, ఎండలో కూడా నూటికి నాలుగైదు వంతులే. బెంజైల్ ఆల్కహాల్ లాంటివి కొన్ని పొడి ఉపరితలానికి అతుక్కుని మామూలు వెలుతుర్లో కూడా ఆక్సీకరణం అవుతాయి, ఆ మాట నిజమే, కానీ అది ల్యాబులో నీళ్ళు కాని ద్రావకంలో బాగా పనిచేసే సంగతి, మిథనాల్ నీళ్ళకి వర్తించదు.

పెయింట్ పొడి సంగతి ఇంకా ఘోరం. పెయింట్లో వాడేది ఎక్కువగా రూటైల్ రకం, ఒక్కో రేణువు 200 నుంచి 300 నానోమీటర్లు ఉంటుంది, పైన అల్యూమినా, సిలికా పూత వేస్తారు. ఆ పూత వేసేదే ఈ రియాక్షన్ జరక్కుండా! పూత లేని పొడి కలిపితే ఎండకి పెయింట్లో ఉన్న జిగురునే తినేస్తుంది, గోడ మీద చెయ్యి రాస్తే తెల్లగా సుద్దలా అంటుకుంటుంది చూడండి, దానికి ఇదీ ఒక కారణం. ల్యాబుల్లో వాడే పీ25 అనే టైటానియం డయాక్సైడ్ పొడి వేరే సరుకు, 20 నానోమీటర్ల చిల్లర రేణువులు, సుమారు 80 పాళ్ళు అనటేస్, 20 పాళ్ళు రూటైల్.

వీడియోలో ఉన్నది చాలావరకు మిథిలీన్ బ్లూ అనే రంగు. రంగు పోవడానికి అణువులో ఒక చిన్న మార్పు చాలు, ముక్కలు నీళ్ళలోనే ఉంటాయి, అందుకే ల్యాబుల్లో మొత్తం ఆర్గానిక్ కార్బన్ ఎంత మిగిలిందో కొలుస్తారు. మిథనాల్, ఫార్మాల్డిహైడ్, ఫార్మిక్ ఆసిడ్ మూడింటికీ రంగే లేదు, తేటగా ఉన్నాయని తాగితే ఏం లాభం?

వడకట్టి మళ్ళీ వాడొచ్చు అన్నది కూడా మాటల్లోనే తేలిక. ఆ 20 నానోమీటర్ల రేణువులు గుడ్డలోంచి, కాఫీ ఫిల్టర్లోంచి నీళ్ళతో పాటే దిగిపోతాయి, గంటలు గంటలు ఉంచినా నీళ్ళు పాలలాగే ఉంటాయి, అందుకే నీళ్ళ శుద్ధి మీద పనిచేసే వాళ్ళు చాలామంది పొడిని నీళ్ళలో వదలకుండా గాజు మీద పూతలా వేసే దారి వెతుకుతున్నారు.