కూలిన గోడకు దిక్కెవరు?

1986లో అమెరికాలో ఒక గోడకు అన్యాయం జరిగింది. గోడకి ఇటు రన్-డీఎంసీ అనే హిప్‌హాప్ (ర్యాప్ పాడే) కుర్రాళ్లు, అటు ఏరోస్మిత్ అనే రాక్ బృందం. ఒకరి మోత ఇంకొకరికి పడక గొడవ ముదిరింది. చివరికి ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్ మైకు స్టాండుతో గోడకి కన్నం పొడిచి ఇవతలికి తల పెట్టాడు. ‘వాక్ దిస్ వే’ వీడియోలో ఇదంతా సాక్ష్యంగా ఉంది. చూసినవాళ్లందరూ రెండు సంగీతాలు కలిసిపోయాయని చప్పట్లు కొట్టారే గానీ, గోడ తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకే ఈ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

ఈ సంబంధం కుదిర్చిన పేరయ్య రిక్ రూబిన్ అనే నిర్మాత. పెళ్లిచూపులనాటికి ఏరోస్మిత్ వారి పరిస్థితి అంతంతమాత్రం. అంతకుముందు ఏడాది వచ్చిన ఆల్బమ్ పెద్దగా ఆడలేదు. ‘వాక్ దిస్ వే’ అసలు వాళ్ల పాత పాటే, దాన్నే ఇద్దరూ కలిసి మళ్లీ పాడాలి. ఇటువైపు కుర్రాళ్లకేమో ఆ పాట మొదట్లోని డ్రమ్స్ మాత్రమే తెలుసు. గాయకుడు నోరు తెరిచేలోపే డీజే ముల్లును వెనక్కి లాగేసేవాడు మరి! పాట మొత్తం వినిపించి, ఈ మాటలు మీరే పాడాలి అనేసరికి వాళ్ల మొహాలు మాడిపోయాయి. స్టూడియోకి మగపెళ్లివారి తరఫున టైలర్, గిటారిస్టు జో పెర్రీ ఇద్దరే వచ్చారు. వీడియోలో పక్కన వాయిస్తున్న మిగతా బంధువులు ఏరోస్మిత్ వాళ్లే కారు, పిలిపించుకున్న మనుషులు. పెళ్లి ఫొటోలో జనం పలచగా ఉంటే బాగుండదు కదా.

ఇంత అయోమయంగా జరిగిన పెళ్లి సుఖాన ఉంటుందా అంటే, ఉంది. పాత పాట అమెరికా చార్టుల్లో 10వ స్థానం దగ్గర ఆగితే, ఇది 4 దాకా వెళ్లింది. ఈ విషయం నా వాదనకి అడ్డం వస్తోంది కాబట్టి ముందుకు సాగుదాం.

నా అసలు ఫిర్యాదు వేరే. దీన్ని ‘ఎవరూ ఊహించని కలయిక’ అని టముకు వేశారు. కుర్రాళ్ల బంధువర్గాన్ని కాస్త ఆరా తీశాను. 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధి పార్టీల్లో డీజేలు రాక్ రికార్డుల్లోంచి కూడా డ్రమ్స్ ముక్కలు ఏరుకుని తిప్పేవారు. రాక్ మాత్రం ఎక్కణ్నుంచి ఊడిపడింది? నల్లవాళ్ల బ్లూస్ సంగీతం కడుపున పుట్టింది. అంటే వీళ్లు వరసకి బావామరదళ్లు! శుభ్రమైన మేనరికాన్ని కులాంతర వివాహమని చాటి టిక్కెట్లు అమ్ముకున్నారన్నమాట. క్యాసెట్ల షాపువాడు రాక్‌కి ఒక అర, ర్యాప్‌కి ఒక అర కట్టకపోయి ఉంటే ఈ ఆశ్చర్యం ఎక్కడిది? ఆశ్చర్యాన్ని అమ్ముకోవాలంటే ముందు గోడ కట్టాలి. ఆ గోడనే పొడిచారు, విశ్వాసం లేని మనుషులు.

తర్వాత మరీ బరితెగించారు. 1993లో ‘జడ్జిమెంట్ నైట్’ సినిమా ఆల్బమ్‌లో ఏకంగా సామూహిక వివాహాలు: 11 పాటలు, ప్రతి పాటకీ ఒక రాక్ బృందం, ఒక ర్యాప్ జట్టు. స్లేయర్ పక్కన ఐస్-టీని, సోనిక్ యూత్ పక్కన సైప్రస్ హిల్‌ని కూర్చోబెట్టారు. సినిమా ఆడలేదు. విందు భోజనం మాత్రం తిన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

2004లో అయితే జే-జీ అనే ర్యాపర్ పెళ్లికొడుక్కి ఒకే ఏడాది రెండు పెళ్లిళ్లు. లింకిన్ పార్క్ అనే రాక్ బృందంతో జరిగింది పెద్దలు కుదిర్చింది. అందులో ఒక పాటకి గ్రామీ అవార్డు కూడా వచ్చింది. రెండోది డేంజర్ మౌస్ అనే కుర్రాడు ఎవర్నీ అడక్కుండా చేయించిన దొంగపెళ్లి. జే-జీ గొంతుని బీటిల్స్ రాక్ బృందం వాయిద్యాలతో ముడిపెట్టేశాడు. బీటిల్స్ రికార్డుల హక్కులున్న ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ నుంచి వెంటనే లీగల్ నోటీసు దిగింది. హమ్మయ్య, పెద్దవాళ్లు ఇంకా బతికే ఉన్నారు అనుకున్నాను.

గోడ నష్టపరిహారం సంగతి మాత్రం ఇంకా పెండింగులోనే ఉంది.