ఫోటోలు ఉచితమే కదా?

శ్రీకాకుళం వాళ్ళం సముద్రంతో మెలిగే పద్ధతి ఏనాడో ఖరారైపోయింది. కార్తీకమాసంలో కళింగపట్నం వెళ్ళాలి. ప్యాంటు మోకాళ్ళ దాకా మడవాలి. మడమలు తడవగానే "చాలు, ఇక వెనక్కి రండి" అని పిల్లల మీద కేకలు వేసి పులిహోర గిన్నె మూత తీయాలి. అంతకు మించి లోపలికి వెళ్ళేది మత్స్యకారులు. వాళ్ళకది పొట్టకూటి పని. ఇలాంటి సంప్రదాయంలో పెరిగిన మా తోడల్లుడు సంక్రాంతి సెలవులకు పెళ్ళాంపిల్లలతో అండమాన్ వెళ్ళి, వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగే స్కూబా డైవింగ్ చేయాలని తీర్మానించాడు. అక్కడి నీళ్ళు ఏడాది పొడవునా గోరువెచ్చగా ఉంటాయని అతని ధీమా. దిగడానికి నాకేమీ అభ్యంతరం లేదు. దించేవాళ్ళను అతను ఎంచుకున్న తీరు చూశాక మాత్రం నాకు అన్నం సహించడం లేదు.

ఇదే మనిషి పొందూరులో ఖద్దరు పంచె కొనాలంటే ఒక పూట పడుతుంది. నూలు ఎన్నో నంబరు, వడికింది చేత్తోనేనా, పత్తిని శుభ్రం చేసింది వాలుగ చేప దవడతోనేనా అని నేతగాడిని సాక్షిబోనులో నిలబెడతాడు. పలాసలో జీడిపప్పు కొంటే గుండో బద్దో తేల్చుకుని, నాలుగు నమిలి, అయిదోది జేబులో వేసుకుని గాని బేరం మొదలుపెట్టడు. అంతటి పరీక్షాధికారి, సముద్రం అడుగున తన భార్యాబిడ్డలు పీల్చబోయే గాలి గురించి అడిగిన మొట్టమొదటి ప్రశ్న: "ఫోటోలు ఉచితమే కదా?"

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారింట్లో ఈ మహాసభ జరిగింది. బల్ల మధ్యలో స్పీకరు పెట్టిన ఫోను. చుట్టూ పదకొండు మందిమి. అవతల అండమాన్‌లోని ఒక డైవింగ్ కేంద్రం తరఫు మనిషి, ఎవరేమి అడిగినా "తప్పకుండా సార్" అనే వరం పొందినవాడు. ఫోటోలు ఉచితం. వీడియో ఉచితం. వీడియోకు పాట కూడా వాళ్ళే వేస్తారు. రంగు రంగుల చేపలు కచ్చితంగా వస్తాయా? తప్పకుండా సార్. తాబేలు? తప్పకుండా సార్. (మా జిల్లా తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు పిలవకుండానే గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి ముఖం చూడడానికి మా ఇంటి నుంచి ఒక్కరూ కదిలిన పాపాన పోలేదు.) ఈత రాదు, ఫరవాలేదా? ఈత ఎందుకు సార్! ఎంత లోతు తీసుకెళ్తారు? మీరు ఎంతంటే అంత. మొదటిసారి దిగేవాళ్ళను 12 మీటర్లు దాటించకూడదన్న సంగతి అతని చెవిన పడినట్టు లేదు. మా తోడల్లుడు దర్జాగా "ముప్పై" అన్నాడు, మేడ మీద గది అడిగినట్టు.

"మాకు పాడి కూడా ఉంది సార్" అన్నాడు అవతలివాడు. డైవింగ్ శిక్షకులకు సర్టిఫికెట్లు ఇచ్చే ప్రపంచ సంస్థల్లో అదొకటి. మా అత్తగారి ముఖం వెలిగిపోయింది. "పాడి ఉందంటే మంచివాళ్ళే నాయనా. పిల్లకు పొద్దున్నే చిక్కటి పాలు దొరుకుతాయి. ఎన్ని గేదెలో కనుక్కో" అంది. అప్పటిదాకా ఆ సభలో డైవింగ్ కేంద్రం యోగ్యత గురించి ఎవరైనా ఆరా తీశారంటే ఆవిడ ఒక్కతే.

ఆక్సిజన్ సిలిండర్ బరువెంత అని మా బావమరిది అడిగాడు. అందులో ఉండేది ఆక్సిజన్ కాదయ్యా, మనం పీల్చే ఈ గాలినే కంప్రెసర్‌తో కుక్కి నింపుతారు, ఉత్త ఆక్సిజన్‌తో ఆరేడు మీటర్లు దాటితే అదే విషమవుతుంది అన్నాను. పెళ్ళిలో చావు కబురు చెప్పినవాడిని చూసినట్టు చూశారు. చూస్తే చూశారని ఫోను దగ్గరికి జరిగి నా ప్రశ్నలు అడిగాను. కంప్రెసర్ గాలి తీసుకునే గొట్టం ఎక్కడ పెట్టారు, పక్కన డీజిల్ ఇంజను ఏమైనా ఉందా? ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కదా? ఒక్కో శిక్షకుడికి ఎంతమందిని అప్పగిస్తారు? పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ ఉంటుందా? డైవ్ చేసిన రోజే విమానం ఎక్కించే ప్యాకేజీ ఎలా అమ్ముతున్నారు, ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు ఆగాలి కదా? తప్పకుండా సార్ అనే ఆ నోరు తొలిసారి మూతపడింది. కాసేపటికి "ఈ సార్ కూడా వస్తున్నారా?" అని అడిగింది. రావడం లేదని మా తోడల్లుడు భరోసా ఇచ్చాడు.

ఫోను పెట్టేసే ముందు అవతలివాడే ఒక మాట గుర్తుచేశాడు. అక్కడికి వెళ్ళాక ఆరోగ్య పత్రం ఒకటి ఇస్తారట. అన్నిటికీ 'లేదు' దగ్గర టిక్కు పెట్టేయాలట.

"పిల్లకు ఉబ్బసం ఉందండీ, ఇన్‌హేలర్ వాడుతుంది" అంది మా మరదలు.

"ఫరవాలేదు మేడమ్, అది ఉత్త ఫార్మాలిటీ. 'లేదు' అనే రాయండి. 'ఉంది' అంటే డాక్టరు సంతకమని లేనిపోని తలనొప్పి."

మా తోడల్లుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అతను పీల్చుకోగలడు.

ఉత్త ఫార్మాలిటీ! 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీద కంటే రెండింతలు. అక్కడ ఛాతీ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. నీటి కింద ఊపిరి బిగబట్టవద్దని మొదటి పాఠంలోనే చెప్పేది అందుకే. పిల్ల బిగబట్టకపోయినా, ఉబ్బసంతో మూసుకుపోయిన గొట్టం వెనక చిక్కిన గాలి ఎటు పోతుంది? ఊపిరితిత్తిని చీల్చుకుని పోతుంది. బుడగై రక్తంలో కలిసి మెదడుకు ఎక్కుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరిని పరీక్షించి, దిగవచ్చని డాక్టర్లే అంటారు. అది తేల్చవలసింది డాక్టరు. ఫోనులో ప్యాకేజీలు అమ్ముకునేవాడికి 17 ఏళ్ళ పిల్ల ఛాతీలో ఏముందో ఎలా తెలుస్తుందిరా? ఆ పిల్ల చేత అబద్ధం రాయించి, కింద కన్నతండ్రి చేత సంతకం పెట్టించి, రేపు ఏదైనా జరిగితే "మీరే కదా లేదన్నారు" అని చూపించుకోవడానికి దాచుకునే కాగితానికి ఆరోగ్య పత్రమని పేరు! థూ!

ఈ మాటలన్నీ ఫోనులోనే అన్నాను, ఇంకాస్త గట్టిగా. అవతల ఎప్పుడు పెట్టేశారో గమనించలేదు. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. చివరికి పిల్లే లేచి, "పెదనాన్నా, ఆ పత్రం నేనే నింపుతాను" అంది.

తరవాతి వారం మా తోడల్లుడు విసుక్కుంటూనే ఇంకో కేంద్రానికి ఫోను చేశాడు. వాళ్ళు ముందుగా పత్రం పంపారు, పిల్లకు డాక్టరు సంతకం లేనిదే పడవ ఎక్కించమన్నారు, ముప్పై మీటర్లు అంటే నవ్వారు, ఫోటోలకు విడిగా డబ్బు అవుతుందన్నారు. పొగరుబోతులని అతని అభిప్రాయం. సోమవారం ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆ ఫీజును ఫోటోల డబ్బులో తగ్గిస్తారేమో అడిగి చూడమని నాకు పని అప్పజెప్పాడు.